ఇల్లు రాకముందే వచ్చిన సింహద్వారం

ఐర్లండ్ దక్షిణాన వాటర్‌ఫర్డ్ కౌంటీలో లిజ్‌మోర్ అనే చిన్న ఊరుంది. ఊరు దాటి కాస్త దూరం పోతే బాలీసాగర్ట్‌మోర్ అడవి వస్తుంది. అక్కడి నడకదారి పట్టిన వాళ్ళకు చెట్ల మధ్య ఉన్నట్టుండి ఒక కోట ఎదురవుతుంది. మొనదేరిన రాతి కమాను, దానికి అటూ ఇటూ బురుజులు, గోడల మీద పళ్ళ వరుసలా కోటకొమ్మలు, బాణాలు వదలడానికన్నట్టు సన్నటి నిలువు కంతలు. దాన్ని దాటి ఇంకొంచెం ముందుకెళ్తే చిన్న వాగు, వాగు మీద కమానుల వంతెన, వంతెనకు రెండు చివర్లా మళ్ళీ బురుజులు. ఇంత హంగు చూశాక, వంతెన అవతల ఏ మహారాజు కోటో ఉంటుందని ఎవరైనా అనుకుంటారు.

అవతల ఏమీ లేదు. చెట్లున్నాయి, దారి ఉంది. ఈ ద్వారాలకు తగ్గ భవనం అక్కడ ఎన్నడూ లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను రాయీ సున్నంతో కడితే ఇలాగే ఉంటుంది.

ఇలాంటి కట్టడాన్ని గేట్ లాడ్జి అంటారు. బ్రిటన్, ఐర్లండ్ దేశాల్లో 18, 19 శతాబ్దాల జమీందార్లకు ఊరికి దూరంగా వందల వేల ఎకరాల నడుమ బంగళాలు ఉండేవి. పబ్లిక్ రోడ్డు మీది గేటు నుంచి బంగళా దాకా దారి ఒక్కోసారి కిలోమీటర్ల పొడవుండేది. ఆ దారిని తిన్నగా వేసేవారు కాదు. చెట్ల చాటున, చెరువు ఒడ్డున మలుపులు తిప్పుతూ తీసుకెళ్ళేవారు. వచ్చిన అతిథికి ఎస్టేటు ఉన్నదానికంటే పెద్దదిగా తోచాలన్నది ఉద్దేశం. దారి మొదట్లో గేటు, గేటు పక్కనే కాపలాదారు కుటుంబం ఉండే చిన్న ఇల్లు. అదే లాడ్జి. గుర్రబ్బండి చప్పుడు వినపడగానే కాపలాదారో, అతని భార్యో, పిల్లలో పరుగున వచ్చి తలుపులు తీయాలి. రాత్రీ పగలూ, వానా మంచూ అన్న తేడా లేదు. చాలా లాడ్జీలకు కిటికీలు గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. రోడ్డు రెండు వైపులా లోపలి నుంచే కనపడాలని అలా కట్టించారు.

అతిథి కంట మొదట పడేది ఈ లాడ్జే. అసలు బంగళా కనపడేసరికి ఇంకో పావుగంట పడుతుంది. అందుకే యజమాని తానెవరో, తన వంశం ఎంతటిదో, తన అభిరుచి ఏపాటిదో గేటు దగ్గరే చెప్పేయాలనుకునేవాడు. గ్రీకు గుడిలాంటి లాడ్జీలు, గడ్డి కప్పుతో ముచ్చటైన పూరిళ్ళలాంటి లాడ్జీలు కూడా వచ్చాయి. అన్నింటికంటే ఎక్కువ డాంబికం మాత్రం కోట రూపంలో కట్టినవాటిదే.

కోటకొమ్మలు మనకు కొత్త కాదు. గోల్కొండ ప్రాకారం మీద వరుసగా కనిపించేవి అవే. కొమ్మ చాటున సైనికుడు నిలబడతాడు, కొమ్మకీ కొమ్మకీ మధ్య సందులోంచి తుపాకీ పేల్చి మళ్ళీ చాటుకు వస్తాడు. ఫతే దర్వాజా తలుపులకు పొడుచుకొచ్చిన ఇనుప మేకులున్నాయి. ఏనుగుతో ఢీకొట్టించి తలుపు పగలగొట్టకుండా పెట్టిన ఏర్పాటది. గోల్కొండలో ప్రతి వంకరకూ, ప్రతి ఎత్తుకూ వెనక ఒక యుద్ధ భయం ఉంది. 1687లో ఔరంగజేబు సేన నెలల తరబడి ముట్టడించినా ఆ గోడలు లొంగలేదు, చివరికి లోపలివాళ్ళే తలుపు తీస్తే గానీ కోట పడలేదు.

యూరప్‌లోనూ మొదట్లో కథ ఇదే. అయితే ఇంగ్లండులో చాలా ముందే ఒక చిత్రమైన మలుపు వచ్చింది. 12వ శతాబ్దం చివరి నుంచి, సొంత ఇంటికి కోటకొమ్మలు కట్టుకోదలచిన వాళ్ళు రాజు దగ్గర అనుమతి పత్రం తీసుకోవడం మొదలైంది. బలవంతులైన సామంతులను అదుపులో పెట్టడానికే ఈ కట్టడి అని ఒకప్పుడు చరిత్రకారులు రాశారు. ఇప్పుడు చాలామంది ఆ మాట ఒప్పుకోరు. రాజముద్ర వేసిన అనుమతి చేతిలో ఉండటమే ఒక బిరుదుతో సమానం, దానికోసమే ఎగబడేవారు అంటున్నారు. 1385లో సర్ ఎడ్వర్డ్ డాలింగ్రిగ్ అనే ఆయన రెండో రిచర్డ్ నుంచి ఇలాంటి పత్రం పొంది ససెక్స్‌లో బోడియమ్ కోట కట్టాడు. ఫ్రెంచివాళ్ళ దాడులను అడ్డుకోవడానికని అందులో రాయించుకున్నాడు. చుట్టూ నీళ్ళతో, నాలుగు మూలలా గుండ్రటి బురుజులతో ఆ కోట ఇప్పటికీ ఇంగ్లండులో అందమైన వాటిలో ఒకటి. అది యుద్ధానికి ఎంత పనికొస్తుంది, ఠీవికి ఎంత పనికొస్తుంది అన్న వాదన మాత్రం నేటికీ తెగలేదు. అంటే కోటకొమ్మ అసలైన యుద్ధాల కాలంలోనే సగం నగగా మారిపోయిందన్నమాట.

ఫిరంగులు వచ్చాక మిగతా సగమూ పోయింది. ఎత్తయిన సన్నటి గోడ ఫిరంగి గుండుకు ఆగదు. 17వ శతాబ్దపు ఇంగ్లండు అంతర్యుద్ధంలో ఎన్నో పాత కోటలను కావాలనే పేల్చేశారు. ఆ తర్వాత దాదాపు రెండు తరాల పాటు ఎవరికీ కోటల మీద మోజు లేదు. ధనవంతులు ఇటలీ పద్ధతిలో స్తంభాల బంగళాలు కట్టుకున్నారు.

కోటను మళ్ళీ వేడుకగా తిరిగి తెచ్చినవాళ్ళలో ముందు వరసలో ఉన్నవాడు జాన్ వాన్‌బ్రా. సైనికుడు, నాటక రచయిత, ఆ తర్వాత వాస్తుశిల్పి. యువకుడిగా ఉన్నప్పుడు ఫ్రాన్సులో బందీగా చిక్కి పారిస్‌లోని బాస్టీల్ కోటలో కూడా కొంతకాలం గడిపాడు. బహుశా దేశంలో కోట గోడలను లోపలి నుంచి అంత బాగా చూసిన వాస్తుశిల్పి మరొకడు లేడు! యార్క్‌షైర్‌లో ఆయన రూపొందించిన కాజిల్ హవర్డ్ భవనానికి వెళ్ళే దారిలో పొడవాటి ఉత్తుత్తి కోటగోడ, దానికి బురుజులు, మధ్యలో ద్వారం ఉన్నాయి. ఆ గోడ ఎవరినీ ఆపదు, ఆపాలని కట్టిందీ కాదు. 1718 ప్రాంతంలో గ్రీనిచ్‌లో తనకోసం కట్టుకున్న ఇంటికీ కోట రూపమే ఇచ్చాడు.

ఆ తరం తర్వాత ఇది ఫ్యాషన్ అయిపోయింది. శాండర్సన్ మిల్లర్ అనే పెద్దమనిషి 1740లలో హాగ్లీ ఎస్టేటులో కొత్తగా శిథిలం కట్టాడు. పొరపాటు పడక్కర్లేదు, కట్టిందే శిథిలం! ఒక బురుజు నిలిచి, మిగతావి కూలినట్టు తాపీమేస్త్రీల చేత కట్టించాడు. రచయిత హొరేస్ వాల్పోల్ దాన్ని మెచ్చుకోవడమే కాదు, 1749 నుంచి స్ట్రాబెర్రీ హిల్ అనే తన ఇంటికి ఏటేటా కోటకొమ్మలూ మొనదేరిన కిటికీలూ తగిలిస్తూ పోయాడు. 19వ శతాబ్దం వచ్చేసరికి ఇది పెద్ద దొరల సరదాగానే మిగిలిపోలేదు. నమూనా పుస్తకాలు అచ్చయి వచ్చాయి. 1833లో జె.సి. లౌడన్ ప్రచురించిన లావుపాటి గృహనిర్మాణ విజ్ఞాన సర్వస్వంలో లాడ్జీల బొమ్మలు, కొలతలు, ఖర్చుల అంచనాలు ఉన్నాయి. అలాంటి పుస్తకం ఉంటే చాలు, ఊరి మేస్త్రీని పిలిచి పని మొదలుపెట్టొచ్చు. డికెన్స్ ఈ పిచ్చిని వదిలిపెట్టలేదు. 1860లో మొదలైన గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ నవలలో వెమిక్ అనే గుమాస్తా చిన్న చెక్క ఇంటికి కోటకొమ్మలు తగిలించి, గుమ్మం ముందు పలకతో ఎత్తుడు వంతెన పెట్టుకుని, రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫిరంగి పేలుస్తాడు.

ఈ మోజును తప్పుపట్టినవాళ్ళు కూడా లేకపోలేదు. ఆ కాలపు గొప్ప తోటల నిపుణుడు హంఫ్రీ రెప్టన్‌కు గేటుకు అటొకటీ ఇటొకటీ జంట లాడ్జీలు కట్టడం అస్సలు గిట్టేది కాదు. 1803లో వచ్చిన పుస్తకంలో ఆయన ఎత్తిచూపిన విషయం చాలా సూటిగా ఉంటుంది: అందులో ఉండేది ఒక కూలీ కుటుంబమో, గేటు తీయడానికి ఒక ఒంటరి ముసలమ్మో. వాళ్ళ ఒక్క కొంపను రెండు డబ్బాలుగా చీల్చి, మధ్యలోంచి దారి పోనిచ్చి, దాన్ని సౌష్ఠవం అనుకోవడం చిన్నపిల్లల ఆట. నిజానికి చాలా జంట లాడ్జీల్లో వంట ఒక పక్క, పడక ఇంకో పక్క. అర్ధరాత్రి చంటిబిడ్డ ఏడిస్తే బండ్లదారి దాటి వెళ్ళాలి.

కోట వేషం వేసిన లాడ్జి లోపల చూస్తే పైన పటారం లోన లొటారం అన్న మాట అక్షరాలా నిజమనిపిస్తుంది. బాణాల కంత అని బయటివాళ్ళు మురిసేది లోపల వంటసామాను గదికి వెలుగొచ్చే ఏకైక సందు. కొన్నిచోట్ల అది కంత కూడా కాదు, గోడలో వట్టి గాడి. మూలనున్న సన్నటి బురుజులో మెట్లుంటాయనుకుంటే పొరపాటు, చాలాసార్లు అందులో ఉండేది పొయ్యి పొగగొట్టం. కోటకు పొగగొట్టం కనపడకూడదు కదా! అసలు కోటల్లో గోడ పైభాగాన ముందుకు పొడుచుకొచ్చిన రాళ్ళ మధ్య కంతలుండేవి. కింద గోడకు నిచ్చెన వేసిన శత్రువు మీద వాటిలోంచి రాళ్ళు దొర్లించేవారు. లాడ్జీల్లో ఆ రాళ్ళు అలాగే పొడుచుకొస్తాయి గానీ మధ్య కంతలుండవు. ద్వారం పైన ఇనుప జాలి తలుపు దించడానికన్నట్టు గాడి చెక్కుతారు, జాలి ఉండదు.

గుండ్రటి గది చూడముచ్చటగానే ఉంటుంది. దాంట్లో మంచం ఏ గోడకు ఆనించాలో, బీరువా ఎక్కడ పెట్టాలో కాపలాదారు భార్యనడగాలి. అంతకంటే పెద్ద బాధ వానది. మామూలు ఇంటి వాలు కప్పు మీద పడ్డ నీళ్ళు చూరు దాటి కిందికి జారిపోతాయి. కోటలో చూరు కనపడకూడదు కాబట్టి కప్పును కొమ్మల గోడ వెనక దాచేస్తారు. నీళ్ళు ఆ గోడ లోపలి పక్క సీసపు రేకు పరిచిన కాలువలో చేరి, చిన్న తూము గుండా పోవాలి. శరదృతువులో రాలిన ఆకులు తూముకు అడ్డం పడితే నీళ్ళు అక్కడే నిలిచి గోడలోకి ఇంకుతాయి. ఐర్లండులో వాన ఎప్పుడు పడుతుందని అడగకూడదు, ఎప్పుడు ఆగుతుందని అడగాలి. ఈ లాడ్జీల్లో చాలావాటిని పాడుచేసింది ఏ శత్రువూ కాదు, గోడ వెనక నిలిచిన ఆ నీళ్ళే.

ఇక బాలీసాగర్ట్‌మోర్ సంగతి.

19వ శతాబ్దం తొలి రోజుల్లో ఆర్థర్ కీలీ అనే భూస్వామికి ఇక్కడ సుమారు 8,000 ఎకరాలు వారసత్వంగా వచ్చాయి. తర్వాత ఆయన ఇంటిపేరుకు అషర్ కూడా చేర్చుకున్నాడు. అందులో వెయ్యి ఎకరాలు సొంతానికి ఉంచుకుని మిగతాది కౌలుకిచ్చాడు. ఆయన అన్న జాన్ కీలీ దగ్గర్లోని బ్లాక్‌వాటర్ నది ఒడ్డున 1830 ప్రాంతంలో స్ట్రాన్‌కాలీ అనే కోట భవనం కట్టించాడు. దాన్ని రూపొందించింది పెయిన్ సోదరులు, లండన్‌లో జాన్ నాష్ దగ్గర పని నేర్చుకున్న వాస్తుశిల్పులు. ఇక్కడ జనం చెప్పుకునే కథ మనవాళ్ళెవరికైనా వెంటనే అర్థమవుతుంది. తోడికోడలి కోట చూసి వచ్చిన ఆర్థర్ భార్య ఎలిజబెత్‌కు నిద్ర పట్టలేదట. మనకు అంతకంటే పెద్దది కావాలని పట్టుబట్టిందట. ఎస్టేటు దివాలా తీసిన ప్రతి చోటా తప్పును ఇల్లాలి మీదికి నెట్టే అలవాటు ఐర్లండులోనూ ఉంది కాబట్టి ఈ కథను పూర్తిగా నమ్మక్కర్లేదు. అన్నదమ్ముల పోటీ ఒక్కటే దీన్ని వివరించడానికి సరిపోతుంది.

పని మొదలైంది 1830లలో. మామూలుగా ముందు ఇల్లు కట్టి తర్వాత ప్రహరీ కడతారు. కీలీ ముందు గేటు కట్టించాడు. ఆ తర్వాత వాగు మీద వంతెన కట్టించాడు. పటాలు గీసింది పేరున్న వాస్తుశిల్పి కాదు, ఎస్టేటు తోటమాలి జాన్ స్మిత్. తోటమాలి అనగానే చులకనగా చూడనక్కర్లేదు. ఆ కాలంలో పెద్ద ఎస్టేటు తోటమాలి అంటే కొలతలు, నీటి పారుదల, గాజు ఇళ్ళు, దారుల వాలు అన్నీ తెలిసిన మనిషి. పక్కనే ఉన్న లిజ్‌మోర్ కోటను 1850లలో డెవన్‌షైర్ డ్యూకు కోసం తిరిగి కట్టించిన జోసెఫ్ పాక్స్‌టన్ కూడా తోటమాలిగా జీవితం మొదలుపెట్టినవాడే. 1851 లండన్ ప్రదర్శన కోసం క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు మహాభవనాన్ని రూపొందించింది ఆయనే. స్మిత్‌కు అంత పేరు రాలేదు. కానీ అతని పని చూస్తే తోటమాలి కన్ను కనపడుతుంది. బురుజులన్నీ ఒకే ఎత్తులో, ఒకే ఆకారంలో ఉండవు. ఒకటి లావు, ఒకటి సన్నం. ఒకటి ఎత్తు, ఇంకొకటి పొట్టి. రకరకాల చెట్లను ఒక గుంపుగా నాటినట్టు వాటిని అమర్చాడు. దారి మలుపు తిరిగేకొద్దీ వాటి బారు మారిపోతుంది. శాస్త్రం చదివిన వాస్తుశిల్పి దీన్ని చూసి మధ్యయుగాల కోట ఇలా ఉండదని పెదవి విరుస్తాడు. నిజమే, ఉండదు. ఇది కోటను ఎన్నడూ కాపాడని మనిషి కోట గురించి కన్న కల, ఆ కల మాత్రం దిట్టంగా కట్టాడు.

వంతెనను కూడా వాగు దాటడానికి కావలసినంతే కట్టలేదు. నాలుగు దుంగలు వేసినా దాటగలిగే నీటికి కమానుల వంతెన, చివర్లలో మనుషులుండే బురుజు ఇళ్ళు. గుర్రబ్బండిలో వచ్చే అతిథి ఒక ద్వారం దాటి, చెట్ల చీకట్లోకి వెళ్ళి, లోయలో రెండో కోట కనపడి, నీళ్ళ చప్పుడు విని, దాన్నీ దాటి బయటపడాలి. చివరి అంకానికి రంగం అంతా సిద్ధం చేసి పెట్టారు. ఆ అంకం ఆడటానికి డబ్బు మిగల్లేదు. కీలీ కుటుంబం ఎప్పటి నుంచో ఉన్న పాత ఇంట్లోనే ఉండిపోయింది.

1845లో ఐర్లండ్ బంగాళాదుంపకు తెగులు పట్టింది. అప్పటికి ఆ దేశ జనాభా 80 లక్షలు దాటింది. పేదల్లో చాలామందికి ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ దుంపే తిండి. తర్వాతి ఆరేడేళ్ళలో సుమారు పది లక్షల మంది ఆకలితో, జ్వరాలతో చనిపోయారు. ఇంకో పది లక్షల మందికి పైగా ఓడలెక్కి దేశం వదిలిపోయారు. ఆ సమయంలో చట్టాలు భూస్వాముల చేతికి కొరడా ఇచ్చినట్టే పనిచేశాయి. ఏడాదికి నాలుగు పౌండ్లకు మించని విలువ కట్టిన కమతాల తాలూకు, పేదల సహాయానికి వేసే పన్నును కౌలుదారు బదులు భూస్వామే కట్టాలని అంతకుముందే నియమం ఉంది. కాబట్టి చిన్న కౌలుదారు ఉన్నంత కాలం దొరకు నష్టం, పోతే లాభం. 1847లో ఇంకో నియమం వచ్చింది: పావు ఎకరానికి మించి భూమి చేతిలో ఉన్నవాడికి ప్రభుత్వ సహాయం దొరకదు. గంజి కావాలంటే భూమి వదులుకోవాలి, వదులుకుంటే ఇక తిరిగొచ్చే చోటు లేదు.

బాలీసాగర్ట్‌మోర్ కౌలుదార్లను వెళ్ళగొట్టడంలో కీలీ-అషర్ వెనకా ముందూ చూడలేదు. కుటుంబాలను బయటికి గెంటి, మళ్ళీ వచ్చి చేరకుండా ఇళ్ళు కూలగొట్టించాడు. కౌలుదార్లలో కొందరు ఆయన్ని చంపడానికి పన్నాగం పన్నారు, దొరికిపోయి ద్వీపాంతర శిక్షకు గురయ్యారు. ఆ ప్రాంతంలో ఆయన పేరు చెడ్డ జమీందారుకు మారుపేరుగా మిగిలింది. ఈ రాతి ద్వారాల గురించి రాసే ఎవరైనా వాటి సొగసు దగ్గరే ఆగిపోతే అది సగం నిజమే. ఆ బురుజుల రాళ్ళకు, మేస్త్రీల కూలికి పెట్టిన డబ్బు ఆ 7,000 ఎకరాల కౌలు నుంచి వచ్చింది.

అప్పుల్లో మునిగిన ఎస్టేట్లను అమ్మించడానికి ప్రభుత్వం 1849లో ప్రత్యేక చట్టం చేసింది. కౌలు రాక, పన్నులు పెరిగి ఐర్లండ్ అంతటా వందల మంది భూస్వాములు ఆ దారిన పోయారు. బాలీసాగర్ట్‌మోర్ కూడా 1850లలో చేతులు మారింది. 20వ శతాబ్దంలో ఆ పాత ఇల్లూ పోయింది. గేటూ వంతెనా నిలిచాయి, ఇప్పుడవి ప్రభుత్వ అటవీ సంస్థ కొయిల్చె చూసే అడవిలో ఉన్నాయి.

కరవుకూ ఇలాంటి వింత కట్టడాలకూ మధ్య ఇంకో రకం బంధం కూడా ఉండేది. అంతకు వందేళ్ళ ముందు, 1740–41 శీతాకాలపు భయంకర కరవులో, డబ్లిన్ దగ్గరి కాజిల్‌టౌన్ భవనపు యజమానురాలు కేథరిన్ కొనలీ ఊళ్ళో పేదలకు కూలి దొరకాలని ఒక పెద్ద కట్టడం తలపెట్టింది. కమానుల మీద కమానులు, పైన ఆకాశంలోకి సూదిలాంటి స్తంభం, మొత్తం 140 అడుగుల ఎత్తు. దానివల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు, ఉండకూడదు కూడా, కూలి ఇవ్వడమే దాని ఉపయోగం. ఇంకో తమాషా ఏమిటంటే అది కట్టింది ఆమె సొంత స్థలంలో కూడా కాదు, పొరుగు జమీందారు నేలలో. అషర్ ద్వారాలు, కొనలీ కమానులు దూరం నుంచి చూస్తే ఒక జాతివే. ఒకటి కౌలుదార్ల నుంచి తీసుకుని కట్టింది, ఇంకొకటి పేదలకు ఇవ్వడానికి కట్టింది.

తెలుగు నేలకూ ఈ ప్రపంచంతో ఒక పరోక్ష చుట్టరికం ఉంది. ఇంగ్లండులో తోటలకు, అలంకార కట్టడాలకు పెట్టింది పేరు స్టో ఎస్టేటు. దూరాన గుట్ట మీద గేటులా నిలిచిన అక్కడి కొరింథియన్ ఆర్చ్ కాళ్ళలో మనుషులు ఉండటానికి ఇళ్ళు కట్టారు. స్టో యజమానులు బకింగ్‌హామ్ డ్యూకులు. రెండో డ్యూకు ఆర్భాటాలకు అప్పులు కుప్పలై 1848లో భవనంలోని సామానంతా వారాల తరబడి వేలం పాడారు. అతని కొడుకు, మూడో డ్యూకు, 1875లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మరుసటి ఏడాదే దక్షిణాదిని మహాకరవు పట్టింది. రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలు అల్లాడిపోయాయి. అప్పుడు కూలి పనిగా మద్రాసులో తవ్వించిన కొత్త పాయతో కలిసి, మన తీరం వెంట సాగే ఉప్పునీటి కాలువకు ఆయన పేరు పడింది. అదే బకింగ్‌హామ్ కాలువ.

కోటకొమ్మల మోజు హైదరాబాదుకూ నేరుగానే వచ్చింది. నౌబత్ పహాడ్ వాలులో 1915లో సర్ నిజామత్ జంగ్ కట్టించుకున్న హిల్ ఫోర్ట్ ప్యాలెస్‌కు, ఆయన చదువుకున్న కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీ భవనాలు నమూనా. తర్వాత అది నిజాం రెండో కొడుకు మొజంజా నివాసమైంది, ఆ తర్వాత రిట్జ్ హోటలైంది. నిజమైన గోల్కొండ కనుచూపు మేరలో ఉన్న ఊళ్ళో ఇంగ్లండు తరహా కోటకొమ్మలు కట్టుకోవడంలో ఒక కొంటెతనం ఉంది.

ఐర్లండు గేటుల్లో ఇండియా వాసన కొట్టేది కూడా ఒకటుంది, అదీ బాలీసాగర్ట్‌మోర్‌కు దగ్గర్లోనే. బ్లాక్‌వాటర్‌లో కలిసే ఫినిస్క్ నది వంతెన మీద డ్రొమానా ఎస్టేటు ద్వారం కనపడుతుంది. మొనదేరిన గోథిక్ కిటికీలు, వాటి మీద ఉల్లిపాయలాంటి రాగి గుమ్మటం, పక్కన మినార్లు. 1826లో హెన్రీ విలియర్స్-స్టువర్ట్ అనే యువ జమీందారు పెళ్ళి చేసుకుని భార్యతో తిరిగొస్తుంటే, స్వాగతంగా కర్రా కాగితపు గుజ్జుతో తాత్కాలికంగా నిలబెట్టిన ద్వారమట అది. దంపతులకు ఎంతగానో నచ్చి రాతితో శాశ్వతంగా కట్టించుకున్నారు. ఇండియా మోజు వాళ్ళకు ఇండియా నుంచి రాలేదు, నాష్ బ్రైటన్‌లో రాజుగారి కోసం అప్పుడే ముగించిన గుమ్మటాల భవనం నుంచి వచ్చింది. అదే ఏడాది ఈ ప్రొటెస్టెంటు యువకుడు వాటర్‌ఫర్డ్ ఎన్నికలో కాథలిక్కు కౌలుదార్ల మద్దతుతో, ఆ కౌంటీని శాసిస్తున్న బెరస్‌ఫర్డ్ కుటుంబపు అభ్యర్థిని ఓడించాడు. ఆ ఓట్లు వేసిన కౌలుదార్లు తమ సొంత దొరల మాట కాదని వేశారు, అప్పట్లో రహస్య ఓటు లేదు.

డ్రొమానా ద్వారం 1960ల నాటికి శిథిలమైతే ఐరిష్ జార్జియన్ సొసైటీ బాగుచేయించింది. డెస్మండ్, మరీగా గిన్నెస్ దంపతులు 1958లో మొదలుపెట్టిన సంఘమది. దొరల కట్టడాలంటే పరాయి పాలన గుర్తులని కొత్తగా స్వతంత్రమైన దేశం మొహం తిప్పుకున్న రోజుల్లో వాళ్ళు ఈ పనికి దిగారు. కొనలీ కమానుల మరమ్మతు కూడా వాళ్ళ చలవే, మరీగా గిన్నెస్ సమాధి ఆ కమానుల కిందే ఉంది.

లాడ్జీల కాలం కారు రావడంతోనే ముగిసిందనుకోవచ్చు. కార్లకు గేటు తెరిచి ఉంచడమే తేలిక, రోజంతా కనిపెట్టుకు కూర్చునే మనిషికి జీతం దండగ. ఐర్లండులో భూసంస్కరణలతో ఎస్టేట్లే ముక్కలయ్యాయి. రోడ్లు వెడల్పు చేసేటప్పుడు మొదట అడ్డం వచ్చేదీ గేటే. అయితే పెద్ద భవనం కూలిపోయిన చోట కూడా లాడ్జి బతికిన సందర్భాలు చాలా ఉన్నాయి, అది చిన్నది కాబట్టి సామాన్య కుటుంబం కొనుక్కోగలదు. జె.ఎ.కె. డీన్ అనే వాస్తుశిల్పి ముందు అల్‌స్టర్, తర్వాత ఇతర ప్రాంతాల గేట్ లాడ్జీలన్నిటినీ వెతికి పట్టుకుని పెద్ద పెద్ద జాబితా గ్రంథాలు తెచ్చాడు. అందులో ఇప్పుడు లేనివి కూడా బోలెడు.

ఉత్తరాన ఆంట్రిమ్ తీరంలో గ్లెనార్మ్ కోటకు 1825లో విలియం విట్రూవియస్ మోరిసన్ రూపొందించిన ద్వారం ఇంకోరకంగా గట్టెక్కింది. ఊరి నుంచి నది మీది వంతెన దాటగానే ఎదురయ్యే రాతి బురుజు అది, దాని కమాను కిందుగానే కోటలోకి దారి. 1992లో ఏర్పడిన ఐరిష్ ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ దాన్ని బాగుచేసి సెలవులకు అద్దెకిస్తోంది. ఇరుకు మెలిమెట్లెక్కి కప్పు మీదికి వెళ్ళి కోటకొమ్మల మధ్య నిలబడవచ్చు. కాపలాదారు కుటుంబం వానా చలీ ఓర్చి ఉద్యోగం కోసం ఉన్న ఆ గదుల్లోనే ఇప్పుడు పట్నవాసులు రాత్రికింతని డబ్బిచ్చి దిగుతున్నారు.